పెద్దక్క వేళ్ళు, మేస్త్రి పట్టిక

మేస్త్రి అనగానే ఇళ్ళు కట్టేవాడు అనుకునేరు. ఆ మనిషి జన్మలో ఇటుక మీద ఇటుక పెట్టి ఎరగడు. ఆ పేరు అతనికి మేనమామ నడిపిన టైప్‌రైటర్ల మరమ్మతు దుకాణంలో వచ్చింది. ఇరవై రెండో ఏట అక్కడ చేరి, అక్షరాలు ఇరుక్కుపోయిన టైప్‌రైటర్లను విప్పి, నూనె పెట్టి, మళ్ళీ బిగించేవాడు. బిగించాక చెవి దగ్గరగా పెట్టుకుని ఒక్కో కీ నొక్కి వినేవాడు. ఆ శ్రద్ధ చూసి మామయ్య మురిసిపోయి, దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ "మా మేస్త్రి" అని చూపించేవాడు. కాలక్రమంలో మామయ్య పోయాడు, టైప్‌రైటర్లూ పోయాయి, పేరు మాత్రం అంటిపెట్టుకుని ఉండిపోయింది.

టైప్‌రైటర్లు ఖాళీ చేసిన బల్లల మీదకు టెర్మినళ్ళు వచ్చాయి. టెర్మినల్ అంటే ఒక తెర, ఒక కీబోర్డు, అంతే. సొంత బుర్ర లేని పెట్టె. బుర్రంతా ఎక్కడో దూరాన, ప్రధాన కార్యాలయంలో ఒక పెద్ద యంత్రంలో ఉంటుంది. పొద్దున్నే వచ్చి, పేరూ పాస్‌వర్డూ కొట్టి, తీగ మీదుగా ఆ యంత్రంలోకి లాగిన్ అయితే, ఇక్కడ నొక్కిన ప్రతి కీ అక్కడికి వెళ్ళి నమోదవుతుంది. దాని జవాబు ఇక్కడి తెర మీదకు వస్తుంది. మేస్త్రి ఈ కొత్త చుట్టాలను చూసి బెదరలేదు. కీబోర్డు ఉన్నదేదైనా తన బంధువర్గం కిందే జమకట్టాడు. ఊళ్ళో నాలుగైదు ఆఫీసుల టెర్మినళ్ళు అతని చేతికి వచ్చాయి. వాటిలో పెద్దది బస్టాండు వెనకున్న పార్సెల్ ఆఫీసు. ఏడాదికోసారి కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టించుకుని, పిలిచినప్పుడల్లా పెట్టె సర్దుకుని వెళ్ళేవాడు.

మాటల విషయంలో మాత్రం మేస్త్రి పరమ పిసినారి. ఏ మరమ్మతు అయినా చివర అతను చెప్పేది ఒకే మాట, "పనిచేస్తుంది." అతని భార్య దర్జీ. బడిపిల్లల దుస్తులు కుడుతుంది. పెళ్ళైన కొత్తలో ముచ్చటపడి మొగుడికి ఒక చొక్కా కుట్టి ఇస్తే, తొడుక్కుని, చేతులు అటూ ఇటూ ఆడించి, "పనిచేస్తుంది" అన్నాడట. ఆవిడ ఆ ముచ్చట ఇప్పటికీ ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ చెబుతుంది. అతను పక్కనే కూర్చుని వింటాడు. కాదనడు.

ఇలా సాఫీగా సాగిపోతున్న కాలంలో పార్సెల్ ఆఫీసులో పాత టెర్మినళ్ళన్నీ ఒక్కసారే తీసేశారు. వాటి స్థానంలో ఏడు కంప్యూటర్లు పెట్టారు. దూరాన ఉన్న పెద్ద యంత్రం మాత్రం పాతదే. అది పాత టెర్మినల్‌తో తప్ప వేరెవరితోనూ మాట్లాడదు. అందుకని కంప్యూటరులో ఒక ప్రోగ్రాం ఎక్కించారు. ఆ ప్రోగ్రాం పని వేషం కట్టడం. అవతలి యంత్రం ముందు అచ్చం పాత టెర్మినల్‌లా నటిస్తుంది. వేషం బాగానే కుదిరింది గానీ, చిక్కంతా కీబోర్డు దగ్గర వచ్చింది. పాత కీబోర్డు మీద ఉన్న కీలు కొన్ని కొత్తదాని మీద లేవు. ఉన్నవి కొన్ని చోటు మారాయి. ఏ కీ నొక్కితే అవతలికి ఏ సంకేతం వెళ్ళాలో వరసగా రాసి ప్రోగ్రాంలో పెట్టాలి. మ్యాపింగ్ అంటారు దాన్ని. మేస్త్రి మాత్రం పట్టిక అనేవాడు.

మొదటి రెండు రోజులూ ఆఫీసు తిరునాళ్ళలా తయారైంది. చెరిపే కీ నొక్కితే అక్షరం చెరగడం మానేసి పక్కన ఇంకో పిచ్చి గుర్తు వచ్చి కూర్చునేది. ఒకాయన సాయం కోసం నొక్కిన కీ ఆయన్ని ఏకంగా లాగిన్ నుంచి బయటకు నెట్టేసింది. ఆయన లేచి నిలబడి, "ఉద్యోగంలోంచే గెంటేసింది చూడండయ్యా!" అని గోల. మేస్త్రి ఏడుగురి దగ్గరికీ కాగితం పట్టుకుని వెళ్ళి, ఎవరెవరు ఏ కీ దేనికి వాడతారో అడిగి రాసుకుని, పట్టిక తయారుచేశాడు. పాత కీబోర్డు కుడి చివర కింద 'పంపు' అని ఒక పొడుగు కీ ఉండేది. పార్సెల్ వివరాలు కొట్టడం అయ్యాక అది నొక్కితే నమోదయ్యేది. కొత్తదాని మీద అదే చోట ఉన్న ఎంటర్ కీకి ఆ పని అప్పగించాడు. మూడో రోజుకి ఆరుగురు సర్దుకున్నారు. సర్దుకోనిది పెద్దక్క ఒక్కతే.

పెద్దక్క ఆ హాల్లో అందరికన్నా వయసులో పెద్ద, వేగంలో కూడా పెద్ద. ఇంకా నాలుగేళ్ళ సర్వీసు ఉంది. ఆమె తెర వైపు చూడదు, కీబోర్డు వైపు చూడదు. కళ్ళు పార్సెల్ మీద చేతిరాత చదువుతుంటే వేళ్ళు వాటి దారిన అవి పరిగెత్తేవి. కౌంటరు ముందు ఎంత వరస ఉన్నా ఆమె బల్ల దగ్గర మాత్రం ఇట్టే కదిలిపోయేది. జనం కూడా తెలిసి ఆ వరసలోనే నిలబడేవారు.

అలాంటి మనిషి చేతి మీదుగా పార్సెళ్ళు దారి తప్పడం మొదలైంది. ఒక దర్జీ తెప్పించుకున్న కుట్టుమిషను పక్క జిల్లాలో ఒక పళ్ళ వ్యాపారి గుమ్మంలో దిగింది. ఒక పెళ్ళికూతురి చెప్పులు పశువుల ఆసుపత్రికి చేరాయి. ఆసుపత్రివాళ్ళు తిరిగి పంపుతూ, "ఇవి మా రోగులకు సరిపోవు" అని చీటీ పెట్టారు. అందరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత ఒకరి మందుల పెట్టె నాలుగు రోజులు ఆలస్యమైంది. అప్పుడెవరూ నవ్వలేదు. మూడు వారాల్లో పద్నాలుగు. పద్నాలుగూ పెద్దక్క లాగిన్ కిందే నమోదయ్యాయి. పద్నాలుగూ ఉదయం మొదటి గంటలోవే.

సూపరింటెండెంటు చెడ్డవాడు కాదు. కానీ పద్నాలుగు ఫిర్యాదులు బల్ల మీద పెట్టుకుని మంచితనం ఒలకబోయడం ఎవరివల్ల అవుతుంది? మేస్త్రిని పిలిచి అడిగాడు. మేస్త్రి కంప్యూటరు చూశాడు, ప్రోగ్రాం చూశాడు, పట్టిక చూశాడు. అన్నీ సవ్యంగా ఉన్నాయి. ఆమె పక్కన నిలబడి ఇరవై పార్సెళ్ళు కొట్టించాడు. ఒక్కటీ తప్పు పోలేదు.

"యంత్రంలో ఏం లేదండి. పనిచేస్తుంది" అన్నాడు.

ఆ ఒక్క మాట మీద సూపరింటెండెంటు ఉత్తర్వు రాసేశాడు. సోమవారం నుంచి పెద్దక్క గోడౌన్‌లో పార్సెళ్ళ మీద అంకెలు సరిచూసే పనికి వెళ్ళాలి. కీబోర్డు ముట్టుకోనక్కర్లేదు.

ఇది బుధవారం సంగతి. సాయంత్రం నాలుగింటికి మేస్త్రి పెట్టె సర్దుకుని వెళ్ళబోతుంటే, మంచినీళ్ళ కుళాయి దగ్గర పెద్దక్క ఆపింది. గ్లాసులో నీళ్ళు పట్టుకుంది గానీ తాగడం లేదు.

"మేస్త్రిగారూ, ఒక్క మాట. నిజంగా యంత్రంలో ఏమీ లేదా?"

"లేదు పెద్దక్కా. అంతా చూశాను."

"గోడౌన్‌కి వెళ్ళడానికి నాకేం నామోషీ లేదండీ. అక్కడా మనుషులే ఉంటారు. కానీ..." ఆమె గ్లాసులో నీళ్ళు అటూ ఇటూ ఆడించింది. "మా అమ్మకి ఇలాగే మొదలైంది. అరవై కూడా నిండలేదు. ముందు చిన్నచిన్న పొరపాట్లు. తాళంచెవి బియ్యం డబ్బాలో పెట్టేది. మేం నవ్వేవాళ్ళం. రెండేళ్ళు తిరక్కుండా నన్ను చూసి 'ఎవరమ్మా నువ్వు, ఎవరి తాలూకు' అని అడిగింది. ఇప్పుడు నాకు తెలియకుండానే నా చేతులు తప్పు చేస్తున్నాయంటే..."

మేస్త్రి పెట్టె కింద పెట్టాడు. ఓదార్చడానికి అతని దగ్గర ఉన్న మాటలే తక్కువ.

"ఇంట్లో చెప్పలేదు" అందామె. "స్టవ్ ఆపానో లేదో అని మూడుసార్లు చూసుకుంటున్నాను. పాపం మా అమ్మాయి, అమ్మకి చాదస్తం వచ్చిందనుకుంటోంది. యంత్రం తప్పయితే బాగుండునని రోజూ దణ్ణం పెట్టుకుంటున్నా. మీరేమో బాగుందన్నారు."

నీళ్ళు పారబోసి, గ్లాసు బోర్లించి, ఆమె తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. తను అలవాటుగా అనేసిన మాట ఒక మనిషి బతుకు మీద ముద్రలా పడిందని మేస్త్రికి అప్పుడు గానీ తట్టలేదు. భయం వేసింది. సిగ్గు కూడా వేసింది.

ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతున్నాడు. భార్య కనిపెట్టింది. నోట్లోంచి మాట రాబట్టడానికి ఆమెకు పావుగంట పట్టింది, అది ఆ ఇంట్లో చాలా తక్కువ సమయం. విన్నాక అడిగింది.

"ఆవిడ ఏ కీ ఎలా నొక్కుతుందో మీకెలా తెలుసు?"

"అడిగాను. రాసుకున్నాను కదా."

"అడిగారా!" ఆమె ముక్కున వేలేసుకుంది. "సరే, నేనొకటి అడుగుతా చెప్పండి. రోజూ మన మెట్లు దిగుతారు కదా, ముందు ఏ కాలు వేస్తారు?"

మేస్త్రి ఆలోచించాడు. ఎడమ అన్నాడు. కాదు, కుడి అన్నాడు. లేచి వెళ్ళి మెట్ల మీద నిలబడి చూసుకున్నాడు. పద్దెనిమిదేళ్ళుగా కళ్ళు మూసుకుని దిగిన మెట్లు, ఏ కాలు ముందు వెయ్యాలో తెలియక రెండో మెట్టు మీద తూలి గోడ పట్టుకున్నాడు.

"చూశారా" అంది ఆమె, అతను పడలేదని నిర్ధారణ చేసుకున్నాకే నవ్వుతూ. "నేనైనా అంతే. మిషను తొక్కుతూ గుడ్డ ఏ చేత్తో లాగుతానో అడిగితే చెప్పలేను. అడిగితే ఏదో ఒకటి చెప్పేస్తాం. ఆవిడా చెప్పేసి ఉంటుంది. పక్కన నిలబడి చూశానంటున్నారు, మీరలా గుడ్లప్పగించి చూస్తుంటే ఎవరైనా ఒళ్ళు దగ్గర పెట్టుకునే కొడతారు కదా."

మేస్త్రికి ఆమె మాటలో పాయింటు ఉందనిపించింది. ఆ మాట పైకి అని ఉంటే భార్య ఇంకో ఇరవై ఏళ్ళు చెప్పుకునేది. అనలేదు.

గురువారం వేరే ఆఫీసులో పని పడి కదలడం కుదరలేదు. శుక్రవారం మధ్యాహ్నం పార్సెల్ ఆఫీసుకి వచ్చి, తిన్నగా గోడౌన్‌కి వెళ్ళాడు. తుక్కు కింద అమ్మడానికి మూలన పడేసిన పాత కీబోర్డుల్లోంచి పెద్దక్కది వెతికి తీశాడు. అది పోల్చుకోవడం కష్టం కాలేదు. అక్షరాలన్నీ అరిగిపోయి నున్నగా మెరుస్తున్న కీబోర్డు అదొక్కటే. దుమ్ము తుడిచి, తీగ చుట్టి, భోజనాల వేళ హాలు ఖాళీగా ఉన్నప్పుడు తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"ఇదెందుకండీ? ఇది చచ్చిపోయింది కదా."

"చచ్చిపోయిందే కావాలి. ఊరికే దీని మీద కొడుతూ ఉండండి. ఇవిగో, పాత పార్సెల్ చీటీలు. కొడుతూనే కబుర్లు చెప్పండి. మీ అల్లుడు ఎలా ఉన్నాడు?"

మేస్త్రి నోటివెంట కుశలప్రశ్న వినడం ఆ ఆఫీసు చరిత్రలో అదే మొదలు. ఆమెకు నవ్వొచ్చింది. చీటీ చూస్తూ కొట్టడం మొదలుపెట్టింది.

"అల్లుడు బంగారంలాంటివాడే. గురక ఒక్కటే బాధ. మొన్న మా ఇంట్లో పడుకుంటే పక్కింటావిడ పొద్దున్నే వచ్చి, పిండిమర ఎప్పుడు పెట్టించారండీ అని అడిగింది."

"అయ్యో" అన్నాడు మేస్త్రి. కళ్ళు మాత్రం ఆమె కుడి చేతి చిటికెన వేలు మీద ఉన్నాయి.

"అమ్మాయేమో చెవుల్లో దూది పెట్టుకుంటుంది. నేనడిగాను, మరి అర్జంటుగా నిద్రలేపాల్సొస్తే ఎలాగే అని. 'ఆయన గురక ఆగితే మెలకువొచ్చేస్తుందమ్మా' అంటుంది..."

ఆమె అల్లుడి గురకలో పడిపోయింది. వేళ్ళను మరిచిపోయింది. చీటీ తర్వాత చీటీ తిరగేస్తోంది. ప్రతి చీటీ చివరా ఆ చిటికెన వేలు పొడుగు కీ మీద పడుతోంది. పడి, లేచి, మళ్ళీ పడుతోంది. టక్, టక్. కన్నుమూసి తెరిచేలోగా రెండుసార్లు. ఒక్క చీటీకి కూడా ఒకసారితో ఊరుకోలేదు.

"పెద్దక్కా, పంపు కీ ఎన్నిసార్లు నొక్కుతారు?" అని నెమ్మదిగా అడిగాడు.

"ఎన్నిసార్లేమిటండీ? ఒకసారే. ఎవరైనా అంతేగా."

మేస్త్రి ఆ కీబోర్డు తీసుకుని, పొడుగు కీ మీద తన వేలు పెట్టి నొక్కి చూశాడు. టైప్‌రైటర్ల కాలం నాటిలా చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మొదటిసారి నొక్కితే మెత్తగా దిగి ఊరుకుంది. రెండోసారికి గానీ లోపల తగిలిన చప్పుడు రాలేదు. పాతదాంట్లో రెండు నొక్కులకు ఒక సంకేతం వెళ్ళేది. కొత్తదాంట్లో రెండు నొక్కులకు రెండు వెళ్తున్నాయి.

మిగతా ముడి విప్పడం అతనికి కష్టం కాలేదు. ఒక పార్సెల్ నమోదు కాగానే అవతలి యంత్రం తెర మీద ఒక ప్రశ్న వేస్తుంది, తర్వాతి పార్సెల్ కూడా ఇదే ఊరికా అని. వేరే ఊరైతే ఆ ఊరి పేరు కొట్టుకుంటూ పోవడమే. మళ్ళీ పంపు నొక్కితే మాత్రం అవునని అర్థం. పాత ఊరే తర్వాతి పార్సెల్‌కీ వేసేసి, ఊరి గడికి తాళం వేసేస్తుంది. ఆ తర్వాత ఎవరు ఏ ఊరు కొట్టినా పట్టించుకోదు. పగలు అన్ని ఊళ్ళ ఆఫీసులూ ఆ యంత్రం మీద పడ్డప్పుడు ప్రశ్న రావడానికి కాస్త ఆలస్యమవుతుంది, పెద్దక్క రెండో నొక్కు ఈలోగా గాలికి పోతుంది. ఉదయం మొదటి గంటలో యంత్రం తీరిగ్గా ఉంటుంది, ప్రశ్న వెంటనే వస్తుంది. అప్పుడప్పుడు ఆ రెండో నొక్కు దానికి జవాబై కూర్చుంటుంది. తెర వైపు చూడని మనిషికి ఇదంతా ఎలా తెలుస్తుంది? యంత్రం అచ్చేసిచ్చిన లేబుల్ అంటించేవాడికి పార్సెల్ మీది చేతిరాత చదివే తీరిక ఎక్కడిది?

పెద్దక్కతో ఇంకా ఏమీ చెప్పలేదు. ఖాయం చేసుకోకుండా నోరు జారకూడదని అప్పటికే ఒక పాఠం నేర్చుకుని ఉన్నాడు. సాయంత్రం పెందలాడే ఇంటికి వెళ్ళి, తన మరమ్మతుల పుస్తకాలు దించాడు. ఆ కీ ఎప్పటి నుంచి అలా ఉందో, ఎవరైనా ఫిర్యాదు చేశారో లేదో చూద్దామని. ఆరు పుస్తకాలు తిరగేశాక దొరికింది. పదకొండేళ్ళ కిందటి పేజీ. తన చేతిరాతే.

'పార్సెల్ ఆఫీసు, మూడో బల్ల. పంపు కీ సరిగా తగలడం లేదు. కొత్త కీ లేదు. రెండుసార్లు నొక్కమని చెప్పాను. పనిచేస్తుంది.'

కింద తన సంతకం. మూడో బల్ల పెద్దక్కది.

అప్పుడా రోజు అతనికి లీలగా గుర్తొచ్చింది. కొత్త కీ తెప్పిస్తానని మనసులో అనుకున్నాడు, వేరే పనిలో పడ్డాడు, మళ్ళీ ఎవరూ పిలవలేదు. పిలవకపోతే బాగున్నట్టే అనుకున్నాడు. ఆమె చెప్పినట్టు విన్నది. కొన్నాళ్ళకు ఆ మాటను మనసు మరిచిపోయింది, వేళ్ళు మాత్రం మరవలేదు. అంత నమ్మకంగా తన మాట విన్నవాళ్ళు ఈ లోకంలో ఇంకెవరూ ఉండరేమోననిపించింది. కట్టుకున్న భార్య కూడా వినలేదు.

ఈ సంగతి ఇప్పుడు తనొక్కడికే తెలుసు. ప్రోగ్రాంలో రెండు వరసలు రాస్తే, ఆ కీని రెండుసార్లు నొక్కితేనే ఒక సంకేతం వెళ్ళేలా చెయ్యొచ్చు. పార్సెళ్ళు దారిన పడతాయి. ఎవరూ ఏమీ అడగరు. కాంట్రాక్టు కాగితం వచ్చే నెల్లో సూపరింటెండెంటు బల్ల మీదకే వస్తుంది. కానీ ఆమె గోడౌన్‌కి వెళ్తుంది, స్టవ్ మూడుసార్లు చూసుకుంటూ బతుకుతుంది. మేస్త్రి పుస్తకం మూసి సంచీలో పెట్టుకున్నాడు.

శనివారం ఉదయం ఆఫీసు తెరిచే వేళకి సూపరింటెండెంటు గదిలో ఉన్నాడు. కీబోర్డు నొక్కి వినిపించాడు. కొత్తదాని మీద రెండుసార్లు టకటకా నొక్కి, ఊరికి తాళం పడడం కళ్ళారా చూపించాడు. సూపరింటెండెంటు కుర్చీలో ముందుకు జరిగాడు.

"అయితే ఆవిడ తప్పేం లేదన్నమాట. మరి ఆవిడకి రెండుసార్లు నొక్కమని ఏ మహానుభావుడు చెప్పాడయ్యా?"

మేస్త్రి పుస్తకం తెరిచి పేజీ ముందు పెట్టాడు.

"నేనేనండి."

సూపరింటెండెంటు ఆ నాలుగు ముక్కలూ చదివాడు. మళ్ళీ చదివాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది నా దాకా తేకపోతే నాకు తెలిసేది కాదు కదా."

"తెలిసేది కాదండి."

"పై వాళ్ళకి రాస్తే నీ మీదకే వస్తుంది."

"వస్తుందండి. రాయండి."

ఉత్తర్వు కాగితం నిలువునా చింపి చెత్తబుట్టలో వేశాడు సూపరింటెండెంటు. "నీ సంగతి తర్వాత చూస్తాను. ముందు ఆవిడకి చెప్పు. నేను కాదు, నువ్వే చెప్పు" అన్నాడు. ఆ 'తర్వాత' ఏమిటో మేస్త్రి అడగలేదు.

పెద్దక్క బల్ల సర్దుకుంటోంది. సోమవారం నుంచి ఎవరు కూర్చుంటారో తెలియదు గానీ, వాళ్ళకి ఇబ్బంది లేకుండా సొరుగు ఖాళీ చేసి గుడ్డతో తుడుస్తోంది. మేస్త్రి స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ పక్కన పెట్టేశాడు. చివరికి కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాడు.

"పెద్దక్కా, మీ తల బాగానే ఉంది. మీ చేతులూ బాగానే ఉన్నాయి. పాడైంది కీ. పదకొండేళ్ళ కిందట నేను బాగుచెయ్యకుండా, రెండుసార్లు నొక్కమని చెప్పి పోయాను. మీరు అలాగే నొక్కుతున్నారు."

పేజీ చూపించాడు. ఆమె చదివింది. తన కుడి చెయ్యి ఎత్తి, ఎవరిదో కొత్త మనిషి చెయ్యిని చూసినట్టు చూసుకుంది. బల్ల మీద నెమ్మదిగా చిటికెన వేలు ఆడించింది. టక్, టక్.

"అమ్మో" అంది. "నిజమే."

గోడౌన్ రద్దయిందని కూడా చెప్పాడు. ఆమె విన్నదో లేదో తెలియలేదు. గుడ్డలో ముఖం దాచుకుని ఏడ్చింది. ఆ తర్వాత ముఖం తుడుచుకుని, మేస్త్రిని తిట్టడం మొదలుపెట్టింది. అంత మర్యాదస్తురాలి దగ్గర అన్ని తిట్లు ఉంటాయని ఆ హాల్లో ఎవరూ ఊహించలేదు. పక్క బల్లలవాళ్ళు పని ఆపి విన్నారు. ఇరవై రెండు రోజులు నరకం చూపించారన్నది. చెప్పులు బీరువాలో పెట్టానేమోనని రోజూ వెతుక్కున్నానన్నది. మనవడి పేరు మరిచిపోతానేమోనని ముంజేతి మీద పెన్నుతో రాసుకున్నానన్నది. మేస్త్రి తల వంచుకుని అన్నీ పడ్డాడు. పడుతుంటే అతనికి ప్రాణం తేలికపడింది.

తిట్లు అయిపోయాక అడిగాడు. "మీ ఒక్కరి కంప్యూటరులో, రెండుసార్లు నొక్కితే ఒకటే వెళ్ళేలా పెట్టేస్తాను. మీరు వేళ్ళు మార్చుకోనక్కర్లేదు. రాసి తెచ్చాను కూడా."

"అక్కర్లేదు" అందామె. "అందరికీ ఎలా ఉందో నాకూ అలాగే ఉంచండి. నేర్చుకుంటాను. నేర్చుకోగలను."

ఆ చివరి మాట ఆమె తనకు తనే చెప్పుకున్నట్టు అంది. మేస్త్రి తను రాసి తెచ్చిన రెండు వరసలూ పట్టికలోంచి కొట్టేశాడు. ఆమె చీటీ తీసుకుని ఒక పార్సెల్ కొట్టింది. వేలు ఒకసారి పడింది. రెండోసారికి లేచింది. గాల్లో ఆగిపోయింది. నవ్వుకుంటూ వెనక్కి తీసుకుంది.

మేస్త్రి పెట్టె సర్దుకుని లేస్తుంటే పిలిచింది.

"ఇందాక మొదట ఒక మాటన్నారు చూడండి, అది కాగితం మీద రాసివ్వండి."

"సూపరింటెండెంటుగారు రాస్తారు పెద్దక్కా, ఆఫీసు తరఫున."

"ఆయనది ఆయన రాసుకోనీండి. ఇది నాకు. రేపెప్పుడైనా పాలు పొంగిపోయినా, కళ్ళజోడు కనపడకపోయినా మళ్ళీ ఆ భయం వస్తుంది. అప్పుడు తీసి చదువుకుంటాను."

మేస్త్రి జేబులోంచి పెన్ను తీశాడు. మరమ్మతు చీటీలు తప్ప అతను ఇంకేదీ రాసి ఎన్నేళ్ళైందో. ఒక్కో అక్షరం దిద్దుతూ రాశాడు. 'పెద్దక్క తల బాగుంది. చేతులు బాగున్నాయి. తప్పు నాది.' సంతకం పెట్టి ఇచ్చాడు.

ఆమె చదువుకుంది. పెదవులు కదిలిస్తూ ఇంకోసారి చదువుకుంది. మడతపెట్టబోయి ఆగి, కాగితం మళ్ళీ అతని ముందుకు జరిపింది.

"తేదీ కూడా వెయ్యండి. ఈ రోజుకి నేను బాగానే ఉన్నానని తెలియాలి కదా."

మేస్త్రి తేదీ వేశాడు.